యుద్ధనౌకలో నిమ్మకాయ



విశాఖపట్నము వెళ్లినవారిలో చాలామంది రామకృష్ణా బీచ్ ఒడ్డున నిలిపి ఉంచిన ఐ.ఎన్.ఎస్. కురుసుర జలాంతర్గామిని చూసే ఉంటారు. అది 1969లో మన నౌకాదళములో చేరి, 2001లో విరమించి, 2002 నుండి మ్యూజియముగా ఉన్నది. లోపల చూసి వచ్చినవారు టార్పెడోలను గూర్చి పెద్దగా మాట్లాడరు. "ఇంత ఇరుకులో ఎలా పడుకునేవారండీ? అన్ని రోజులు ఏమి తినేవారండీ?" అని అడుగుతారు. ముఖ్యముగా తల్లులు. కొడుకును నేవీకి పంపిన తల్లి మమ్మల్ని అడిగే మొదటి మాట కూడా అదే. యుద్ధనౌకల చరిత్ర వ్రాసినవారు తెరచాపలను, ఫిరంగులను, అడ్మిరల్ గారల విజయములను వందల పేజీలలో వర్ణించారు గాని, మా మట్టుకు మాకు ఆ తల్లుల ప్రశ్నలోనే అసలు చరిత్ర ఉన్నదనిపిస్తుంది. గనుక ఈ నెల తిండి సంగతి వ్రాస్తున్నాము.

ఇందుకోసము 280 ఏళ్లు వెనక్కు, ఇంగ్లాండు దేశమునకు వెళ్లాలి. ఆ కాలములో సముద్రము మీద అందరికంటె బలమైన నౌకాదళము ఆ దేశపు రాజుగారిదే. ఓడలు కొయ్యవి. ఇంజను లేదు, గాలే ఆధారము. తరువాతి కాలములో పేరు పొందిన విక్టరీ అనే యుద్ధనౌక కోసము సుమారు 6,000 చెట్లు నరికారని చెబుతారు. 1765లో నీటిలోకి దిగిన ఆ నౌక ఇప్పటికీ పోర్ట్స్‌మత్ రేవులో ఉన్నది. అందులో 1805 నాటి యుద్ధములో 800 మందికి పైగా మనుష్యులు ఉన్నారు. మన పల్లెలలో చిన్న ఊరంత జనము ఒక్క కొయ్య పెట్టెలో! ఫిరంగుల మధ్య దూలములకు గుడ్డ ఉయ్యాలలు కట్టుకొని పడుకునేవారు. ఒక్కొక్కరికి నియమించిన వెడల్పు 14 అంగుళములు. సగము మంది కాపలాలో ఉంటారు గనుక నిద్రపోయేవారికి పక్కవాని చోటు కూడా కలిసివచ్చేది.

వీరందరూ ఇష్టపడి వచ్చినవారు కారు. యుద్ధకాలములో మనుష్యులు చాలకపోతే నౌకాదళపు ముఠాలు రేవు పట్టణములలో తిరిగి, ఓడపని తెలిసినవారిని బలవంతముగా పట్టుకొని పోయేవి. చేపల పడవవాడు, సరకుల ఓడవాడు ఇంటికి చెప్పకుండానే మాయమయ్యేవాడు. అతడు ఏ ఓడలో ఉన్నాడో భార్యకు తెలిసేసరికి నెలలు గడిచేవి.

ఇక తిండి. వారమునకు మనిషికి 7 పౌనుల బిస్కట్టు, 4 పౌనుల ఉప్పు గొడ్డుమాంసము, 2 పౌనుల ఉప్పు పందిమాంసము, కొంచెము బఠాణీలు, ఓట్ల పిండి, వెన్న, జున్ను. రోజుకు ఒక గాలను బీరు, అనగా సుమారు నాలుగున్నర లీటర్లు. ఇది విని మన పెద్దలు ముఖము చిట్లించవచ్చు. పీపాలలో నీరు కొద్ది వారములకే పాచిపట్టి కంపు కొట్టేది గనుక ఆ ఏర్పాటు చేశారు. బిస్కట్టు అంటే మనము టీలో ముంచుకునేది కాదు. గోధుమపిండిని రాయిలాగ కాల్చిన బిళ్ల. నెలలు గడిస్తే దానిలో పురుగులు పట్టేవి. బల్ల మీద తట్టి, పురుగులు రాల్చి తినేవారు. అయినా కడుపు నిండేది. ఇంటివద్ద పస్తులున్న బీదవానికి అది తక్కువ తిండి ఏమీ కాదు.

పై పట్టికను మరొకసారి చూడండి. ఆకుకూర లేదు, కాయ లేదు, పండు లేదు. రేవులో ఉన్నంతసేపు ఎలాగో గడుస్తుంది. భూమి కనబడకుండా ఆరు, ఎనిమిది వారములు గడిచేసరికి స్కర్వీ అనే రోగము ఓడలో మొదలయ్యేది. ముందు నీరసము. లేవబుద్ధి కాదు, పని మీద మనస్సు పోదు. తరువాత చిగుళ్లు వాచి, నల్లబడి, నెత్తురు కారతాయి. పళ్లు కదిలి ఊడిపోతాయి. కాళ్ల మీద నల్లని మచ్చలు పడతాయి, మోకాళ్లు బిగుసుకుపోతాయి. కడపటికి ఉయ్యాలలో నుండి లేవబోయినవాడు లేచినచోటే ప్రాణము విడుస్తాడు. మొదటి సూచన నీరసము కావడము వలన కలిగిన అన్యాయము ఒకటున్నది. ఆనాటి పెద్దలలో కొందరు సోమరితనమే ఈ రోగమునకు కారణమని నమ్మేవారు. లేవలేనివానిని లేపి పని చేయించడమే మందు అనుకున్నారు!

1740 సెప్టెంబరులో జార్జి ఆన్సన్ అనే నౌకాధిపతి స్పెయిను వారి మీద యుద్ధమునకు పసిఫిక్ మహాసముద్రము వైపు బయలుదేరాడు. ఆరు యుద్ధనౌకలు, రెండు సరకుల ఓడలు, సుమారు 1,900 మంది మనుష్యులు. భూమి మీద పోరాడడానికి సైనికులు కావలసివస్తే ప్రభుత్వము 500 మంది విశ్రాంత సిపాయిలను, అనగా ముసలివారిని, గాయపడినవారిని ఎక్కించమన్నది. నడవగలిగిన శక్తి ఉన్నవారందరూ పోర్ట్స్‌మత్ రేవులోనే పారిపోయారు. మిగిలిన 259 మందిని ఓడలెక్కించారు. వారిలో చాలామంది ప్రాణముతో స్వదేశము చేరలేదు.

ఆన్సన్ ఎక్కిన సెంచూరియన్ ఓడలో రిచర్డ్ వాల్టర్ అనే చాప్లిన్, అనగా ఓడ పాదిరిగారు, ఉన్నారు. చాప్లిన్‌గారికి ఆ కాలములో మామూలు నావికుని జీతమే. దానికి తోడు ప్రతి నావికుని జీతములో నుండి నెలకు నాలుగు పెన్నీలు కోసి ఇచ్చేవారు. (ఈ పద్ధతి వింటే మన పాస్టరుగార్లలో కొందరు నవ్వుకుంటారు, కొందరు నిట్టూరుస్తారు.) ఈ ప్రయాణమును గూర్చిన గ్రంథము 1748లో ఆయన పేరుతోనే వెలువడినది. దక్షిణ అమెరికా కొనయైన హార్న్ అగ్రమును చుట్టి వచ్చే సమయములో తుపానులతో పాటు స్కర్వీ కూడా విజృంభించినది. సెంచూరియన్ ఒక్కదానిలోనే 1741 ఏప్రిల్‌లో 43 మంది చనిపోయారు. మే నెలలో దాదాపు రెట్టింపు. ఆ ఓడలో ఒక ముసలి సిపాయి ఉండేవాడు. ఐర్లాండులో 1690లో జరిగిన బోయిన్ యుద్ధములో తగిలిన గాయములు ఎన్నడో మాని, యాభై ఏళ్లుగా బాధపెట్టలేదు. స్కర్వీ పట్టగానే ఆ పాత గాయములు నిన్న తగిలినట్లు తిరిగి తెరచుకున్నాయి. ఎప్పుడో విరిగి అతుక్కున్న ఎముక కూడా అతుకు విడిపోయినదట.

ఈ సంగతి కట్టుకథలాగ ఉన్నది గాని నిజమే. మన శరీరములో చర్మమును, ఎముకను, రక్తనాళములను గట్టిగా పట్టి ఉంచే పదార్థము ఒకటి ఉన్నది. దానిని కొల్లాజెన్ అంటారు. మట్టిగోడకు ఏటేటా మెత్తినట్లుగా శరీరము దానిని ఎప్పటికప్పుడు క్రొత్తగా చేసుకుంటూ ఉండాలి. అలా చేసుకోవడానికి సి విటమిన్ కావాలి. మేకలు, కుక్కలు, ఎలుకలు తమకు కావలసిన సి విటమిన్‌ను తమ శరీరములోనే తయారు చేసుకుంటాయి. మనుష్యులకు ఆ శక్తి లేదు, తిండిలో నుండి రావలసిందే. అది ఆగిపోతే మెత్తుడు ఆగిపోతుంది. అతుకు ఉన్నచోటే గోడ ముందుగా విచ్చుతుంది.

1741 జూన్‌లో సెంచూరియన్ హువాన్ ఫెర్నాండెజ్ దీవి చేరేసరికి ఓడ నడపడానికి మనుష్యులు లేక అధికారులు, వారి సేవకులు కూడా తాళ్లు లాగవలసి వచ్చినది. గ్లోస్టర్ అనే రెండవ ఓడ స్థితి మరీ ఘోరము. దీవి కంటికి కనబడుతున్నా, తెరచాపలు తిప్పే శక్తి గలవారు లేక, ఎదురుగాలికి దాదాపు నెలరోజులు ఒడ్డు చేరలేకపోయినది. ఒడ్డు చేరి ముల్లంగి, టర్నిప్పు, పచ్చి ఆకులు తిన్నవారు కొద్దిరోజులకే కోలుకున్నారు. ఆ తరువాత ఆన్సన్ 1743లో స్పెయిను వారి ధనపు ఓడను పట్టుకున్నాడు. దానిలో 13 లక్షలకు పైగా వెండి నాణెములు దొరికాయి. 1744లో ఆ ధనమును 32 బండ్ల మీద లండను వీధులలో ఊరేగించారు. బయలుదేరిన 1,900 మందిలో సుమారు 1,400 మంది చనిపోయారు. శత్రువు చేతిలో చనిపోయినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇది ఒక్క ప్రయాణపు దురదృష్టము అనుకోవద్దు. 1756 నుండి 1763 వరకు ఏడేళ్ల యుద్ధము జరిగినది. ఆ యుద్ధము కోసము నౌకాదళములో చేరినవారు 1,84,899 మంది అని లెక్క వ్రాశారు. యుద్ధములో చనిపోయినవారు 1,512 మంది. రోగముల వలన పోయినవారు, ఓడ విడిచి పారిపోయినవారు కలిపి 1,33,708 మంది! ఇంతమంది భార్యలు, తల్లులు ఇండ్లలో ఫిరంగిగుండుకు భయపడుతూ ఎదురుచూశారు గదా.

మరి మందు తెలియదా అంటే, తెలుసు. 1601లో ఈస్టిండియా కంపెనీ మొదటిసారిగా తూర్పు దేశములకు పంపిన నాలుగు ఓడలకు జేమ్స్ లాంకస్టర్ నాయకుడు. ఆయన తన ఓడలో నిమ్మరసము సీసాలు పెట్టించి, ప్రతివానికి ఉదయము మూడు చెంచాలు పోయించాడు. ఆయన ఓడవారు ఆరోగ్యముగా ఉన్నారు. మిగతా మూడు ఓడలలో రోగము ప్రబలి, ఆఫ్రికా కొన చేరేసరికి తాళ్లు లాగేవారే కరవై, లాంకస్టర్ తన మనుష్యులను పంపి వాటిని రేవులోకి తెప్పించాడు. అప్పటికి ఆ ఓడలవారిలో వందకు పైగా చనిపోయారు. సాక్ష్యము కళ్లెదుటే ఉన్నది. అయినను ఆ సంగతి మరుగున పడిపోయినది.

దానిని తిరిగి పరీక్షకు పెట్టినవాడు స్కాట్లాండు దేశస్థుడైన జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు. 1747 మే 20వ తేదీన, సాల్స్‌బరీ అనే యుద్ధనౌకలో, ఒకే విధముగా జబ్బుపడిన పన్నెండుగురిని ఎంచుకొని, అందరినీ ఒకే చోట పడుకోబెట్టి, అందరికీ ఒకే గంజి, ఒకే ఆహారము పెట్టించాడు. ఇద్దరిద్దరి చొప్పున ఆరు జంటలు చేసి, జంటకొక మందు ఇచ్చాడు. ఒక జంటకు ఆపిల్ పండ్ల పులిసిన రసము, ఇంకొక జంటకు గంధకామ్లపు చుక్కలు, ఇంకొకరికి వెనిగర్, ఇంకొకరికి సముద్రపు నీళ్లు (పాపము!), ఒక జంటకు వెల్లుల్లి, ఆవాలు మొదలైనవి నూరిన ముద్ద. ఆరవ జంటకు రోజుకు రెండు నారింజలు, ఒక నిమ్మకాయ. ఆరు రోజులకే ఓడలోని పండ్లు అయిపోయాయి. అప్పటికే ఆ ఇద్దరిలో ఒకడు పనిలోకి వెళ్లాడు. రెండవవాడు బాగా తేరుకున్నాడు గనుక మిగతా రోగులకు సేవ చేయడానికి నియమించారు. ఆపిల్ రసము త్రాగినవారు కొంచెము మెరుగు. మిగతావారు ఉన్నచోటనే ఉన్నారు.

ఇంత తేటగా తేలిన తరువాత మరుసటి ఏడే నిమ్మకాయల పీపాలు ఓడలకెక్కి ఉండాలి గదా. 48 ఏళ్లు పట్టినది.

ఎందుకని? లిండ్ 1753లో పుస్తకము వ్రాశాడు, దానిని ఆన్సన్‌కే అంకితము చేశాడు. కాని 400 పేజీలు దాటిన ఆ గ్రంథములో ఈ ప్రయోగమునకు దక్కినది కొద్ది పేరాలు మాత్రమే. తడిగాలికి చెమట లోపలే నిలిచిపోవడము వలన స్కర్వీ పుడుతుందని ఆయన తలంపు. తాను కనుగొన్నది ఎంత గొప్పదో ఆయనకే పూర్తిగా అర్థము కాలేదు. పైగా పెద్ద పెద్ద వైద్యులు "పులుపే కదా కావలసినది, ఏ పులుపైనా సరే" అన్నారు. వెనిగర్ చౌక, గంధకామ్లము చౌక. నిమ్మకాయలు పరదేశము నుండి రావాలి, కుళ్లిపోతాయి, ఖర్చు. ఖర్చు తగ్గించే సిద్ధాంతము ఎవరు చెప్పినా కార్యాలయములో కూర్చున్నవారికి అది జ్ఞానముగానే తోచుతుంది! కెప్టెన్ కుక్ వంటి గొప్ప నావికుడు కూడా 1768 నుండి 1771 వరకు చేసిన ప్రయాణము తరువాత మొలకగింజల కషాయమును మెచ్చుకున్నాడు. నిజానికి ఆయన ఓడ ఎక్కడ ఆగినా పచ్చి ఆకులు ఏరించి తినిపించేవాడు, మేలు చేసినవి అవే. పేరు మాత్రము కషాయమునకు వచ్చినది.

ఇంకొకటి. పండ్లు నిలవ ఉండవని లిండ్ ఒక ఉపాయము చెప్పాడు. నిమ్మ, నారింజ రసమును వేడినీటి మీద గంటల తరబడి కాచి, చిక్కగా చేసి, సీసాలలో పోయమన్నాడు. రుచి ఉన్నది, పులుపు ఉన్నది, సి విటమిన్ మాత్రము చాలావరకు ఆవిరికి, వేడికి నశించినది. ఆ పాకము త్రాగిన రోగి బాగుపడకపోతే "చూశారా, నిమ్మకాయ కూడా పనిచేయలేదు" అన్నారు. మన అక్కచెల్లెళ్లు చాలామంది పులిహోరకు, పప్పుకు గిన్నె పొయ్యి మీద నుండి దించిన తరువాతనే నిమ్మకాయ పిండుతారు. మరగబెడితే చేదెక్కుతుందని వారు చెప్పే కారణము. విటమిన్ పోతుందన్నది మరొక కారణము. ఆకుకూర పప్పులో అలా పిండుకుంటే ఆకులోని ఇనుము కూడా ఒంటికి బాగా పడుతుంది. రక్తహీనత ఉన్న ఆడపిల్లలు ఇంట ఉన్నవారు ఇది గుర్తుంచుకోవాలి.

కడకు ఈ సంగతి తేలినది మన వైపు వచ్చిన ఓడలోనే. 1794 ఏప్రిల్ 2న సఫోక్ అనే 74 ఫిరంగుల యుద్ధనౌక ఇంగ్లాండు నుండి మద్రాసుకు బయలుదేరినది. గిల్బర్ట్ బ్లేన్ అనే వైద్యుడు కోరిన ప్రకారము అందులో పచ్చి నిమ్మరసము ఎక్కించారు. రోజుకు మనిషికి ఔన్సులో మూడింట రెండు వంతులు, పంచదార కలిపి, వారికిచ్చే సారాయి నీళ్లలోనే పోశారు. 23 వారముల పాటు ఎక్కడా భూమిని తాకకుండా, సెప్టెంబరు 11న ఆ ఓడ మద్రాసు రేవులో లంగరు వేసినది. ఒక్కడు కూడా చనిపోలేదు. దారిలో కొందరికి చిగుళ్లు వాస్తే రసము పాలు పెంచారు, తగ్గిపోయినది. ఆ ఓడ ఇంకా సముద్రము మీద ఉండగానే, జూలై 13న, జేమ్స్ లిండ్ ఇంగ్లాండులో కన్నుమూశాడు.

బ్లేన్ చెప్పినది లిండ్ చెప్పినదే. కాని బ్లేన్ పెద్దల స్నేహితుడు, అడ్మిరల్ గారికి సొంత వైద్యుడుగా పనిచేసినవాడు, 1795లో నౌకాదళపు వైద్య మండలిలో సభ్యుడు. ఆ ఏడే నిమ్మరసము ఇవ్వడానికి ఉత్తరువు వచ్చినది. చిన్న ఉద్యోగి చెబితే కాగితము, పెద్ద ఉద్యోగి చెబితే ఉత్తరువు. ఇది ఓడలలోనే జరిగేది కాదని చదువరులకు తెలియనిది కాదు.

రెండేళ్లకే, 1797 వసంతములో, స్పిట్‌హెడ్ వద్ద లంగరు వేసిన యుద్ధనౌకలలో నావికులు ఎదురు తిరిగారు. వారి కోరికల పట్టిక చదివితే ఇంటివద్ద మనవాళ్లు మాట్లాడినట్లే ఉంటుంది. వందేళ్లకు పైగా పెరగని జీతము పెంచండి. రేవులో ఉన్నప్పుడు పిండికి బదులు కూరగాయలు ఇవ్వండి. రోగులను బాగుగా చూడండి. పౌను అంటే 16 ఔన్సులు తూచండి. ఓడలో సామానులు ఇచ్చే గుమాస్తా పౌనుకు 14 ఔన్సులే తూచి, రెండు ఔన్సులు తరుగు క్రింద ఉంచుకునేవాడు! చౌకదుకాణము తక్కెడను ఎరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కర లేదు. కోరినవాటిలో ముఖ్యమైనవి ఒప్పుకొని, రాజుగారు క్షమాపణ పత్రము ఇచ్చిన తరువాత నావికులు పనిలోకి వెళ్లారు.

స్కర్వీ కథ అంతటితో తీరిందనుకున్నారు. తీరలేదు. 1860 తరువాతి కాలములో నౌకాదళము మధ్యధరా ప్రాంతపు నిమ్మకాయలకు బదులు తమ వెస్టిండీస్ తోటలలోని చిన్న నిమ్మకాయలను కొనడము మొదలుపెట్టినది. వాటి పులుపు ఎక్కువ, సి విటమిన్ తక్కువ. నిలవ చేసే పద్ధతిలో ఆ కొంచెము కూడా పోయేది. ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణములు చిన్నవైనందున ఎవరికీ తెలియలేదు. 1875లో ఉత్తర ధ్రువము వైపు వెళ్లిన రెండు నౌకలవారికి రోగము తిరిగి వచ్చేసరికి వైద్యులే తికమకపడ్డారు. అసలు నిమ్మకాయ మందే కాదు, చెడిన మాంసము వలన ఈ రోగము వస్తుందని కొందరు 20వ శతాబ్దపు మొదటి ఏండ్ల వరకు వాదించారు.

1907లో నార్వే దేశములో ఇద్దరు శాస్త్రజ్ఞులు నావికుల రోగములను పరిశోధిస్తూ గినీ పిగ్ అనే చిన్న జంతువులకు గింజల తిండి మాత్రమే పెట్టి చూశారు. వాటికి స్కర్వీ వచ్చినది. మనుష్యులవలె సి విటమిన్ చేసుకోలేని కొద్ది జంతువులలో అది ఒకటి. ఎలుకలను ఎంచుకొని ఉంటే ఏమీ తెలిసేది కాదు.

అప్పటి నుండి ఆ పదార్థమును వేరుచేసే పని మొదలైనది. హంగేరీ దేశస్థుడైన ఆల్బర్ట్ సెంట్ జార్జి దానిని 1928లో వేరుచేశాడు గాని, పరీక్షలకు చాలినంత దొరకక ఇబ్బందిపడ్డాడు. 1932లో అదే సి విటమిన్ అని తేలినది. అప్పుడు ఆయన సెగెడ్ పట్టణములో ఉన్నాడు. ఒక రాత్రి భార్య భోజనములో పచ్చి పాప్రికా, అనగా ఆ దేశపు మిరపకాయ, వడ్డించినదట. ఆయనకు తినాలనిపించలేదు. ఆమెతో వద్దనడానికి మొహమాటపడి, "దీనిని ఇంతవరకు పరీక్ష చేయలేదు" అని చెప్పి ప్రయోగశాలకు పట్టుకొని పోయాడట. అర్ధరాత్రికల్లా సంగతి తెలిసిపోయినది. కొద్ది వారములలోనే కిలోల లెక్కన సి విటమిన్ తీశాడు. 1937లో నోబెల్ బహుమతి వచ్చినది.

మిరపకాయను మన దేశమునకు తెచ్చినవి 16వ శతాబ్దములో పోర్చుగీసు వారి ఓడలు. ఆ ఓడలలోనే స్కర్వీతో వందలమంది చనిపోతూ ఉండేవారు. తెల్లవారుజామున చద్దన్నములో పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ కొరుక్కొని పొలము వెళ్లే మన కూలివాని పళ్లెములో, రాజుగారి నౌకలో లేని ఆ మందు రోజూ ఉన్నది.